నీటి దవాఖాన

హైదరాబాదు,
7 జూలై 1963.

అన్నకు, వదినకు అండాలు రాసేది.

ఒళ్లు బాగానే ఉంది. మనసు బాగా లేదని రాస్తే నేను పనిచేసే చోటు గుర్తొచ్చి నవ్వుతావు కనుక, కోపంగా ఉన్నానని రాస్తున్నాను.

మా దవాఖానకు యూనివర్సిటీ నుంచి ఒక లెక్చరరు గారు వస్తున్నారు. మనుషుల మనసుల గురించిన శాస్త్రమట ఆయనది. రోగుల జోలికి పోడు. మమ్మల్ని అడుగుతాడు. పిచ్చివాళ్ల మధ్య పనిచేసే నర్సులు, ఆయాలు లోలోపల ఎంత నలిగిపోతున్నారు, బయట ఎంత సిగ్గుపడుతున్నారు, అసలీ కొలువులోకి ఎందుకొచ్చారు అని పరిశోధన రాస్తాడట. మంచిదే కదా, మమ్మల్ని కూడా అడిగేవాడు ఒకడొచ్చాడు అనుకున్నాను. మొదటి రోజే ఆయన నా స్టూలు మీద జేబురుమాలు పరుచుకుని కూర్చున్నాడు. బిక్షమ్మ ఆయా చాయ్ తెచ్చిస్తే "ఇప్పుడే తాగి వచ్చానమ్మా" అన్నాడు. కాసేపటికి గేటు బయట బండి దగ్గర నిలబడి తాగుతుంటే కిటికీలోంచి అందరం చూశాం. మా సిగ్గు లెక్క తేల్చడానికి వచ్చిన పెద్దమనిషి మా గ్లాసు ముట్టలేకపోయాడు. చూసి నాకు రోత పుట్టింది.

ఈ పని ఎందుకు ఎంచుకున్నావని అడిగాడు. పేదరికమా, ఇంకెక్కడా దొరకలేదా, పెద్దల బలవంతమా, సేవా అని తనే జవాబులిచ్చాడు. "నచ్చింది సార్" అన్నాను. "అది ఇందులో లేదమ్మా, వీటిలో ఒకటి చెప్పు" అన్నాడు. ఏం చెప్పను? ఇంతకుముందు నేను చేసిన జ్వరాల వార్డులో నయమైనవాళ్లు మూట కట్టుకుని మన మొఖమైనా చూడకుండా పోతారు. ఇక్కడికి నన్ను కొన్నాళ్ల కోసం పంపినప్పుడు ఒకామె రోజూ గోడవైపు తిరిగి కూర్చునేది. ఒకనాడు జడ వేస్తుంటే "గంత గట్టిగ గుంజకు, నొస్తాంది" అంది. ఆమె నోరు తెరవడం అదే మొదటిసారని బిక్షమ్మ ఏడ్చింది. ఆ సాయంత్రమే పెద్ద నర్సమ్మను అడిగి ఇక్కడే ఉండిపోయాను. దీన్ని ఆయన పేదరికం కింద రాసుకున్నాడు.

అయితే చివరికి ఒక మంచి ప్రశ్న అడిగాడు, కాదనను. "మీ ఇంటివాళ్లు ఊళ్లో నీ ఉద్యోగం గురించి ఏమని చెబుతారు?" నర్సునని చెబుతారన్నాను. "ఏ దవాఖానలో అని?" తెలియదన్నాను. ఇంటివాళ్లు దాచిపెట్టే కొలువు మనిషిని తినేస్తుందట. అట్లాంటివాళ్లను వేరే దవాఖానకు మార్చమని ఆయన పైవాళ్లకు సిఫారసు చేస్తాడట. నాకు ఇక్కడినుంచి పోవాలని లేదన్నా. ఈ పని నాది. మర్రిగూడలో నా గురించి ఏమని చెబుతున్నావు? ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లె,
అండాలు.


మర్రిగూడ,
19 జూలై 1963.

చెల్లె అండాలుకు దశరథం ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాకు ఈ ఊరికి బదిలీ అయిన నాటి నుంచి ఒక్క ముద్ద సరిగ్గా దిగితే ఒట్టు. ఈ నీళ్లతో పప్పు ఉడకదు. బడిపిల్లలు నవ్వితే పండ్లన్నీ పచ్చగా, గారపట్టి ఉంటాయి. నలభై దాటినవాళ్లు వంగితే లేవలేరు. ఈ నీళ్లు తాగి నా ఒళ్లు ఏమవుతుందోనని భయంగా ఉంది. మీ వదినకు మాత్రం ఇక్కడ అందరూ చుట్టాలే అయిపోయారు. పొద్దస్తమానం ఎవరో ఒకరి గడపలో ఉంటుంది.

నువ్వడిగిన సంగతి. ఇంత పెద్ద చేసి రాశావు గాని అందులో ఏమీ లేదు. బడిలో చేరిన రోజు హెడ్మాస్టరు గారు, సర్పంచి కూర్చుని నా కుటుంబం గురించి అడిగారు. మా చెల్లె పట్నంలో నర్సు అన్నాను. ఏ దవాఖాన అన్నారు. చెబుదామనే నోరు తెరిచాను. "మె" అన్నాను. మెంటల్ అనబోయి సర్పంచి మొఖం చూసి ఆగిపోయాను. "మె" అన్నాక ఏదో ఒకటి అనాలి కదా. మెటర్నిటీ అన్నాను. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. సర్పంచికి ఆ మాట తెలియదు గాని ఇంగ్లీషు కనుక ఆయనా తలూపాడు. అంతే జరిగింది. పసిపిల్లలను భూమ్మీదికి తెచ్చే పని అన్నాను గాని నిన్ను తిట్టలేదు కదా?

పిచ్చి దవాఖాన అంటే ఈ పల్లెలో ఏమనుకుంటారో నీకు తెలియదు. అక్కడ పనిచేసేవాళ్లకు కూడా కొంచెం అంటుకుంటుందనుకుంటారు. రేపు నా పాఠం వింటూ కూడా పిల్లలు నవ్వుతారు. ఆ లెక్చరరు గారికి మావాళ్లు ఉన్నదున్నట్టే చెబుతారని చెప్పు. ఆయన మర్రిగూడ దాకా వచ్చి అడుగుతాడా ఏమన్నా?

నీ మేలు కోరే అన్న,
దశరథం.


హైదరాబాదు,
4 ఆగస్టు 1963.

అన్నకు,

నీ మెటర్నిటీ చెల్లె రాసేది. వదిన బాగుందనుకుంటాను, పచ్చ పండ్ల పిల్లలు కూడా.

"మె" దగ్గర ఆగినవాడివి అక్కడే నోరు మూసుకుంటే ఎంత బాగుండేది! పోనీ కాన్పుల దవాఖానను అందరూ అనేటట్టు జచ్చాఖాన అన్నా ఊరందరికీ అర్థమయ్యేది. సర్పంచికి తెలియని ఇంగ్లీషు ముక్క విసిరి గొప్ప కొట్టుకున్నావు. నాకు అంటుకున్నది పిచ్చి కాదన్నా, కోపం. ఈ మధ్య నీ ఉత్తరాలు పట్టుకుంటేనే అంటుకుంటోంది.

లెక్చరరు గారికి నేను అబద్ధం చెప్పలేదు. మా అన్న ఇట్లా చెబుతున్నాడని చెప్పేశాను. ఆయన మొఖం వెలిగిపోయింది. "చాలా మంచి ఉదాహరణ" అని రెండుసార్లన్నాడు. నా అవమానం ఆయనకు కలిసొచ్చింది. ఇంకో సంగతి విను. నన్ను వేరే దవాఖానకు మార్చమని రాస్తాడట. ఎక్కడికో తెలుసా? జచ్చాఖానకు. అక్కడ నర్సులు తక్కువ ఉన్నారట. నీ అబద్ధాన్ని సర్కారే నిజం చేస్తుందన్నమాట. నేను ఒప్పుకుంటేనే మారుస్తారు. కొత్త సంవత్సరం వచ్చేలోగా జవాబు రాసివ్వాలి. పోనని ఇప్పుడే చెప్పాను, ఆలోచించుకోమన్నారు.

మా పని అలుపంతా రోగుల వల్లనే అని ఆయన ముందే అనుకుని వచ్చాడు. రోగులతో నాకేం కష్టం లేదండీ, గేటు దాటాకే కష్టం అన్నాను. అది రాసుకోలేదు.

నిన్న మాత్రం కడుపునిండా నవ్వాం. పోలీసులు పట్టుకొచ్చినవాళ్లను మొదట వేరే వార్డులో పెడతారు. అక్కడికి కొత్తగా ఒక పల్లెటూరి మనిషి వచ్చిందట. పట్నానికి నల్లా నీళ్లు వదిలే నల్లాల దఫ్తరు గేటు ముందు కూర్చుని లేవనని మొండికేసిందట. బిక్షమ్మ ఆమెలాగే నిలబడి చూపించింది. మెడ తిరగదు. పిలిస్తే బండిని మళ్లించినట్టు ఒళ్లంతా మళ్లిస్తుంది. "నీళ్లు నా బొక్కలల్ల కూసున్నయి, తీసెయ్యిర్రి" అని మోకాలి ఎముకలు చూపించి కనబడిన ప్రతివాళ్లనూ అడుగుతోందట. డాక్టరు పిచ్చిలో ఒళ్లు బిగుసుకుపోయే జబ్బని రాశాడు. వార్డంతా ఆమెను నీళ్లమ్మ అని పిలుస్తున్నారు. ఇక్కడ రోజూ ఒకటి ఇట్లాంటిది లేకపోతే మాకు పొద్దుపోదు.

ఊళ్లో నిజం చెప్పు. వదినకైనా చెప్పమని చెప్పు.

అండాలు.


మర్రిగూడ,
22 ఆగస్టు 1963.

చెల్లె అండాలుకు,

నీ ఉత్తరం చదివి పండగ చేసుకున్నాను. జచ్చాఖానకు మారుస్తామంటే వద్దంటావా? చేతికందిన అదృష్టాన్ని కాలితో తన్నకు. ఆ లెక్చరరు గారు దేవుడిలా వచ్చాడు. వెంటనే ఒప్పుకుంటున్నానని రాసివ్వు. అప్పుడు నేను చెప్పింది అబద్ధమే కాకుండా పోతుంది. నీకూ బాధ ఉండదు, నాకూ ఉండదు. యాదగిరిగుట్టకు వచ్చి నీ పేరున మొక్కు తీర్చుకుంటాను.

వానలు లేవు. పత్తి మొలకలు ఎండుతున్నాయి.

ఇంకో నవ్వొచ్చే సంగతి. ఇక్కడ గొర్లు కాసే కురుమయ్య అని ఉన్నాడు. అతని తల్లి గుర్వమ్మకు నడుం, మెడ బిగుసుకుపోయాయి. ఈ నీళ్ల మహిమే. మీ వదిన దగ్గరికి రోజూ వచ్చి కూర్చునేది. నా చెల్లె మెటర్నిటీలో పనిచేస్తుందని సర్పంచి చెప్పిన మాట నోళ్లు మారి ఆమె దాకా పోయింది. ఆమె చెవికి ఎట్లా వినబడిందనుకున్నావు? మెటర్ 'నీటి' దవాఖాన! నీళ్ల జబ్బులకు పట్నంలో సర్కారు వేరే దవాఖాన కట్టిందనుకుంది. "మన పంతులు చెల్లె గాడ్నే ఉన్నది, నాకేం ఫికర్" అని చెప్పి, కొడుకు మందతో పోయిన రోజు ఒక్కతే బస్సెక్కిందట. మీ వదిన నెత్తి కొట్టుకుని నాతో చెప్పింది. నేను పడీ పడీ నవ్వాను.

పోయి నెల అవుతోంది. తిరిగి రాలేదు. కురుమయ్య మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "సారు చెల్లె దవాఖానల చేర్పించి షరీకు చేయించినట్టున్నది, నయమైనంక వస్తది" అని దారిలో కనబడితే దండం పెడుతున్నాడు. నేను వద్దనలేదు. అది కాదని చెప్పాలంటే నువ్వెక్కడున్నావో చెప్పాలి కదా. ఎక్కడో చుట్టాలింట్లో ఉండి ఉంటుంది. నీకేమైనా కనిపించిందా?

దశరథం.


హైదరాబాదు,
26 ఆగస్టు 1963.

అన్నా,

నీ ఉత్తరం ఇంటి దగ్గర అందుకుని డ్యూటీలో విప్పాను. సగం చదివి అట్లాగే పరుగెత్తాను. నీళ్లమ్మ గుర్వమ్మే.

కిటికీ కింద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను మర్రిగూడ పంతులు చెల్లెనని చెప్పాను. ఒళ్లంతా మళ్లించి నన్ను చూసింది. "నువ్వేనా బిడ్డా! ఎప్పటిసంది నీకోసం చూస్తున్న. గీ నీటి దవాఖానల నీళ్ల సంగతి ఒక్కలు అడుగుతలేరేంది? గోలీలిస్తే మింగుతున్న. నిద్ర మస్తు వస్తాంది గని బొక్కలు సాగుతలేవు" అంది. ఆమె ఇంకా నీటి దవాఖానలోనే ఉన్నాననుకుంటోంది. ఇక్కడ అందరూ మంచివాళ్లేనని, కొందరికి మాత్రం నీళ్లు తలకెక్కినట్టున్నాయని నాకు మెల్లగా చెప్పింది.

మెటర్ నీటి దవాఖాన ఏదని అడిగితే జచ్చాఖాన చూపించారట, అక్కడ నీళ్ల జబ్బుకు మందు అడిగితే ఎవరో వెటకారానికి నల్లాల దఫ్తరుకు పంపారు. అక్కడినుంచి పోలీసులు, మేజిస్ట్రేటు కచేరీ, ఇక్కడ. దారిలో ఆమె చెప్పింది ప్రతి ముక్కా నిజమే. ఆమె నీళ్ల జబ్బు మనిషే. ఆమె బొక్కల్లో నీళ్ల విషమే ఉంది. పంతులు చెల్లె ఇక్కడ ఉన్న మాటా నిజమే. ఒక్క అబద్ధం నీది. దానికి ఆమెకు పిచ్చి మందులు పోశారు.

నేనూ నవ్వానన్నా. నీకు నవ్వుతూ రాశాను కూడా. ఆ ఉత్తరం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది. కానీ నేను మర్రిగూడ ఎరగను. నువ్వు ఆ మెడలను రోజూ చూస్తావు. బొక్కల్లో నీళ్లన్న మాట చదివి కూడా నీకు తట్టలేదా? తట్టినా జచ్చాఖాన సంతోషంలో పక్కన పెట్టావా?

డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన ఆమెను మళ్లీ చూసి తలవంచుకున్నాడు. మందులు ఆపించాడు. అయితే కచేరీ నుంచి వచ్చినవాళ్లను సొంతవాళ్లు వచ్చి మా మనిషని చెబితేనే వదులుతారు. కురుమయ్యను వెంటనే పంపు. వాళ్ల అమ్మకు పిచ్చి లేదని, నువ్వు చెప్పిన తప్పుడు మాట వల్ల ఇక్కడికి వచ్చిందని వాడికి చెప్పు. వాడికే చెబితే చాలదు, ఊరికి కూడా చెప్పు.

అండాలు.


మర్రిగూడ,
5 సెప్టెంబరు 1963.

చెల్లెకు,

తట్టలేదంటే నమ్ము. నా మీద నీకు ఇంత కోపం ఉందని అనుకోలేదు. మన అమ్మ బతికి ఉంటే ఇట్లా రాసేదానివా?

కురుమయ్యను పిలిచి చెప్పాను. వాడు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పిచ్చి దవాఖానలనా? మా అవ్వనా? మా కులపోల్లకు ఎరుకైతే ఎట్ల సారూ? మందల గొర్రె పానం పోయినా మా అవ్వ చెయ్యి తాకిందనే అంటరు" అన్నాడు. ఆ భయం చూసి వాడిని ఊరడించడానికి, పట్నం గందరగోళంలో మీ అమ్మకు కొంచెం మతి చెదిరింది, మా చెల్లెకు తెలిసి మంచి డాక్టరుకు చూపించింది అన్నాను. నీ దవాఖాన సంగతి ఎత్తలేదు. వచ్చే వారం వస్తాడు.

చెడగొట్టాలని చెప్పలేదు. ఏ మాట చెబితే వాడు లేచి నడుస్తాడో ఆ మాట చెప్పాను. మీ వదిన మాత్రం నాతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టి పక్కింటికి పోతోంది. ఈ ఇంట్లో అందరికీ నేనే దొరికాను.

జచ్చాఖాన సంగతి ఆలోచించావా?

దశరథం.


హైదరాబాదు,
20 సెప్టెంబరు 1963.

అన్నకు,

కురుమయ్య వచ్చాడు. గేటు లోపలికి రానన్నాడు. ఎండలో గొంగడి ముసుగు మొఖం మీదికి లాక్కుని రోడ్డు అవతల నిలబడ్డాడు. సంతకానికి నేనే రెక్క పట్టుకుని లోపలికి తెచ్చాను. వేలిముద్ర వేసి వేలిని గొంగడికి తుడిచిన తీరు చూస్తే సిరా ఒక్కటే తుడుస్తున్నాడనిపించలేదు. గుర్వమ్మ మాత్రం కొడుకును చూసి పొంగిపోయింది. "మందకు నీళ్లు దొరుకుతున్నయా కొడుకా?" అన్నది మొదటి మాట. బిక్షమ్మను, పక్క మంచాలవాళ్లను పేరు పేరునా పలకరించి వెళ్లింది. వాడు ఆమెకంటే పది అడుగులు ముందు నడిచాడు.

లెక్చరరు గారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పాను. మీ ప్రశ్నకు జవాబు దొరికింది సార్, దాచిపెట్టే కొలువు నర్సును తినదు, ఎక్కడో గొర్లు కాసుకునేదాన్ని తింటుంది, రాసుకోండి అన్నాను. ఓపికగా విన్నాడు. "పాపం, కానీ రోగుల సంగతి నా పరిశోధన పరిధిలోకి రాదమ్మా" అన్నాడు. ఆమె రోగి కాదు సార్ అన్నాను. "అయితే అసలే రాదు" అన్నాడు. వెళ్లే ముందు మా అందరితో ఫోటో దిగాడు. దవాఖాన పేరున్న బోర్డు వెనక పడుతోందని మమ్మల్ని చెట్టు కిందికి జరిపాడు. ఎందుకంటే వాళ్ల మామగారింట్లో ఫోటో చూస్తారట. ఇంత చదువూ చదివి ఆయన కూడా నీలాగే "మె" దగ్గర ఆగిపోయే మనిషి.

మతి చెదిరిందని నువ్వు కురుమయ్యతో అన్న మాట వెనక్కి తీసుకో. నీ బడి ముందు నిలబడి ఒక్క మాట చెప్పు: గుర్వమ్మకు పిచ్చి లేదు, ఎన్నడూ లేదు, మా చెల్లె పిచ్చి దవాఖానలో నర్సు, నేను సిగ్గుపడి వేరే చెప్పాను. ఇంతకంటే నిన్నేమీ అడగను. ఆమె అక్కడ బతకాలి.

అండాలు.


మర్రిగూడ,
1 డిసెంబరు 1963.

చెల్లె అండాలుకు,

జవాబు రాయడానికి ఆలస్యమైంది. నువ్వు కోప్పడకుండా చదువుతానంటేనే రాస్తాను.

ఊరి ముందు నేను ఆ మాట చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు బయల్దేరాను. ఈలోగా కురుమయ్య భార్యే బావి దగ్గర సగం కక్కేసింది. అత్త పిచ్చి దవాఖాన నుంచి వచ్చిందని ఊరంతా పాకింది. సర్పంచి నన్నే పిలిచి "పంతులూ, నీకెరుకేనా గీ సంగతి?" అన్నాడు. ఏం చెయ్యమంటావు? నయమైంది, ఇక భయం లేదు, డాక్టర్లే చెప్పి పంపారు అన్నాను. నయమైందనడం మంచి మాటే కదా? నయమైందని అంటే ముందు జబ్బు ఉన్నట్టే అవుతుందని మీ వదిన అంటోంది. నాకప్పుడు తట్టలేదు.

నువ్వు అడుగుతావు కనుక దాచకుండా రాస్తున్నాను. కోడలు మనుమడిని ఆమె ఒళ్లోకి ఇవ్వడం లేదు. మంద దొడ్డిలోకి రానివ్వడం లేదు. ఈనిన గొర్రె చచ్చిపోతే ఆమె వంకే చూశారు. వాళ్ల ఇంటి పాలు కొనేవాళ్లు మానేశారు. "నేను నీటి దవాఖానకు పోయిన, నాకు పిచ్చేంది?" అని ఆమె అంటే, నీటి దవాఖాన అన్న మాటకే అందరూ నవ్వుతారు. పిల్లలు ఆ మాట పాటలా పాడుతున్నారు. వాళ్లలో నా తరగతి పిల్లలూ ఉన్నారు. బెత్తం చూపించాను గాని ఎందుకు నవ్వకూడదో చెప్పలేకపోయాను.

మీ వదిన రోజూ ఆమెకు గంజి తీసుకుపోతోంది. "మీ చెల్లెకు లేని సిగ్గు నీకెందుకయ్యా గింత?" అని నా మొఖం మీదే అంది. ఇల్లు నరకంలా ఉంది.

ఇప్పుడు అన్నీ చక్కబడాలంటే ఒకటే దారి. నువ్వు జచ్చాఖానకు మారు. ఆ తర్వాత నేను అన్నీ నిదానంగా సర్ది చెబుతాను. గడువు దగ్గరపడింది కదా? నా మాట ఒక్కసారి విను.

దశరథం.


హైదరాబాదు,
9 ఫిబ్రవరి 1964.

అన్నకు, వదినకు,

గుర్వమ్మ నా దగ్గర ఉంది. కురుమయ్యకు చెప్పు, వెతుకుతున్నట్టయితే.

పోయిన వారం మా దవాఖాన గేటు ముందు మూటతో కూర్చుని ఉంది. లోపలికి పంపమని జవానుతో కొట్లాడుతోంది. రోగం లేనివాళ్లను ఉంచుకోలేమని డాక్టరు చెప్పాడు. ఎందుకొచ్చావమ్మా అంటే, "ఊరంత పిచ్చిదంటాంది బిడ్డా. గీ ఒక్క జాగల్నే నన్నెవలు పిచ్చిదనలే" అంది. ఆ మాట విని బిక్షమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆమె అన్నది పూర్తిగా నిజం కూడా కాదు. నీళ్లమ్మ అని నవ్విన సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పాను. "గదొక పేరే గదా" అంది.

నా గదికి తీసుకుపోయాను. నాకు గది అద్దెకిచ్చిన ఇల్లుగల బాలనర్సమ్మ గడపలోనే ఆపి ఎవరీమె అంది. మా అమ్మ వరుస అన్నాను. నేను నర్సునని ఆమెకు తెలుసు, ఎక్కడన్నది ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. గుర్వమ్మనే అడిగింది, మీ బిడ్డ ఏ దవాఖానలో చేస్తదని. గుర్వమ్మ ఒళ్లంతా ఆమె వైపు మళ్లించి, వీధంతా వినబడేటట్టు చెప్పింది: "పిచ్చి దవాఖానల నర్సమ్మ మా బిడ్డ. గాడ అందరికీ జడలేస్తది. నాకు పిచ్చి లేదని చెప్పింది గీ బిడ్డ ఒక్కతే." నా గురించి ఆ మాట అంత గట్టిగా, గర్వంగా అన్నవాళ్లను పుట్టి ఇంతవరకు చూడలేదు. బాలనర్సమ్మ మూడు రోజుల్లో గది ఖాళీ చెయ్యమంది. సామాను కట్టుకుంటూ నవ్వుకున్నాను. పెద్ద నర్సమ్మ దవాఖాన ఆవరణలోనే నాకు ఒక గది ఇప్పించింది. ఇద్దరం అందులోనే ఉన్నాం. గుర్వమ్మ బొక్కలకు మందు లేదని పెద్ద దవాఖానవాళ్లు చెప్పారు. ఇక్కడి నల్లా నీళ్లు తాగుతోంది, ఇంకా ఎక్కువ కాకుండా ఉంటే చాలు.

జచ్చాఖానకు పోనని గడువులోపలే రాసిచ్చాను. కారణం అడిగిన చోట, నచ్చింది అని రాశాను. లెక్చరరు గారు తన పరిశోధనను ఏదో సభలో చదివాడట. పల్లెల నుంచి వచ్చిన నర్సుల్లో సిగ్గు ఎక్కువని తేల్చాడట. ఎవరి సిగ్గు ఎవరి లెక్కలో పడిందో చూశావా? తర్వాత పని ఉండి మరిచిపోయాను.

నిన్ను తిట్టే ఓపిక లేదు. చిరునామా మారిందని చెప్పడానికే రాస్తున్నాను. ఇన్నాళ్లూ బాలనర్సమ్మ ఇంటి నంబరు వేసి రాసేవాడివి. నేనెక్కడ పనిచేస్తానో మీ ఊరి పోస్టుమాస్టరుకు కూడా తెలియకుండా గడిచింది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. కవరులో పెట్టినా పైన చిరునామా రాయక తప్పదు. అందుకని కార్డే రాయి. మీ ఊరి టపా కట్టేది సర్పంచి అరుగు మీదే కనుక అది చేతులు మారుతుందని, చదివి వినిపిస్తారని నాకు తెలుసు. కింద ఉన్న చిరునామాను ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా, నీ చేత్తో రాస్తేనే నాకు అందుతుంది. రాయడం నీవల్ల కాకపోతే, నాకు చెల్లె లేదని ఊళ్లో చెప్పుకో. అదొక్కటి మాత్రం అబద్ధం అవదు.

అండాలు, నర్సు,
ఆడవాళ్ల వార్డు,
పిచ్చి దవాఖాన,
హైదరాబాదు.